‘అమ్మలేదు’ అని రాసున్న ఆర్డర్ పుస్తకం: మా మిలటరీ తాత గురించి (కందుకూరు, పామూరు, పొదిలి వైపు వాళ్ళు ఒకసారి చూడండి)

మన్నేరు_కుర్రోడు
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా తాత పోయి పన్నెండు రోజులైంది. 88 ఏళ్ళు. పెద్దకర్మ అయ్యి చుట్టాలంతా వెళ్ళిపోయాక ఆయన ట్రంకుపెట్టె తీశాం. అందులో దొరికిన దాని కోసమే ఈ థ్రెడ్. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మాది కందుకూరు పక్కన మన్నేరు దగ్గర ఒక పల్లె. తాత 1936లో పుట్టారు. అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ, నెల్లూరు జిల్లా. 53లో ఆంధ్ర రాష్ట్రం, 56లో ఆంధ్రప్రదేశ్. 70లో మమ్మల్ని కొత్త ఒంగోలు జిల్లాలో కలిపారు, దానికే 72లో ప్రకాశం పేరు పెట్టారు. 2022లో మళ్ళీ నెల్లూరు. ఇల్లు మాత్రం అంగుళం కదల్లేదు. ‘పుట్టిన జిల్లాలోనే పోయే యోగం రాసిపెట్టుందిరా, ఆర్డీవో సంతకంతో సహా’ అని నవ్వేవారు.

చిన్నప్పుడు చదివింది తక్కువ, కపిల తోలింది ఎక్కువ. ఇప్పటి పిల్లలకి కపిల అంటే తెలియదు. ఎడ్లు ఏటవాలు దారిలో కిందికి నడుస్తుంటే బావిలోంచి బాన పైకొస్తుంది. తోలేవాడు మోకు మీద కూర్చుని వాటితోపాటే దిగాలి. తొండంలోంచి నీళ్ళు కాలవలో పడ్డాక ఎడ్లని వెనక్కి నడిపించుకుంటూ గట్టెక్కించాలి. ‘ఎద్దుకి ముందుకు నడవడం దేవుడే నేర్పాడు, వెనక్కి నడవడం మనం నేర్పాలి’ అనేవారు. తెల్లారుజామున మొదలెడితే ఎండెక్కేదాకా ఇదే పని.

1957లో ఆ ఎడ్లని మా చిన్నతాతకి అప్పజెప్పి, సింగరాయకొండలో రైలెక్కి వెళ్ళి మిలటరీలో చేరారు. బెంగళూరు మద్రాస్ సాపర్స్, అంటే యుద్ధంలో దారులు తీసే ఇంజనీరు దళం. 65, 71 యుద్ధాలు రెండూ చూశారు. 74లో హవల్దార్‌గా పెన్షన్ మీద వచ్చి, ఒంగోలులో ఒక డీలరు దగ్గర ఆయిల్ ఇంజన్లు, పంపుసెట్లు అమ్మే పనిలో కుదిరారు. ఇరవై ఏళ్ళపైన అదే పని. సైకిలు, తర్వాత పాత మోటారుసైకిలు. కనిగిరి, పామూరు, పొదిలి, దర్శి దాకా తిరిగారు.

ఇక పెట్టె సంగతి. మెడల్స్ ఒక తువ్వాలులో చుట్టి ఉన్నాయి. వాటి కింద నల్ల రెక్సిన్ అట్టలతో ఆర్డర్ పుస్తకాలు, మొత్తం నాలుగు. ఎడమ పేజీలో అమ్మినవి: ఊరు, రైతు పేరు, ఎన్ని హార్స్‌పవర్, అడ్వాన్సు. కుడి పేజీ పైన పెన్సిల్‌తో ‘అమ్మలేదు’. దాని కింద చిన్న చిన్న మాటలు.

‘నీళ్ళు 31 అడుగులు. వద్దన్నా.’
‘ఊట లేదు. వాననీళ్ళే.’
‘మాఘంలో కూతురి పెళ్ళి. ఇప్పుడు అప్పు వద్దు.’
‘బావి ఎవరి వాటాకో తేలలేదు. అన్నదమ్ములు తేల్చుకున్నాక.’

లెక్కపెట్టాను. రెండో పుస్తకంలో అమ్మినవాటి కంటే అమ్మనివే ఎక్కువ. ఈయన సేల్స్‌మన్ ఉద్యోగం ఎలా చేశారో నాకు అర్థం కావట్లేదు. మీ ఇళ్ళలో ఈయన దగ్గర ఇంజన్ కొన్నవాళ్ళు గానీ, కొనలేకపోయినవాళ్ళు గానీ ఉంటే చెప్పండి. ఊరి పేరు చెబితే పుస్తకంలో వెతుకుతా.

ఉలవపాడు_సపోటా
ఆదివారం, రాత్రి 10:05

అయ్యో, ఎంత పని జరిగింది. పెద్దాయన ఆత్మకి శాంతి కలగాలి.

నాకు తెలుసు ఈయన! మాలకొండ శనివారాలు గుర్తున్నాయా? వారంలో ఆ ఒక్కరోజే గుడి తెరుస్తారు కాబట్టి చుట్టుపక్కల నాలుగు తాలూకాల రైతులు అక్కడే దొరుకుతారు. కొండ కింద చెట్టు నీడన ఖాకీ నిక్కరు, తెల్లచొక్కా వేసుకుని, సైకిలుకి కాగితాల సంచీ తగిలించి నిలబడేవారు. మా నాయన నరసింహస్వామికి ఒకసారి, ఈయనకి ఒకసారి దండం పెట్టేవాడు. ఆయన ‘నాకొద్దయ్యా, పైన పెట్టి రా’ అనేవారు.

ట్రంకురోడ్డు_నెల్లూరు
ఆదివారం, రాత్రి 10:21

మిలటరీ తాతలంటే మాకు ఒకటే జ్ఞాపకం, క్యాంటీన్ రమ్ము. నెల మొదట్లో ఊరంతా ఆయన్నే వరసలు కలిపి పిలుస్తుంది. మీ తాత ఎట్టా, ఇచ్చేవాడా?

మన్నేరు_కుర్రోడు
ఆదివారం, రాత్రి 10:30

@ట్రంకురోడ్డు_నెల్లూరు ఏంది సామీ, మొదటి ప్రశ్నే అదా 😀 ఆయన కోటా ఆయనకే చాలేది కాదు. రోజుకి ఒక మూత. మూతతోనే, గ్లాసుతో కాదు.

పామూరు_మాస్టారు
సోమవారం, ఉదయం 6:15

బాబూ, నేను రిటైరైన సైన్సు టీచర్ని. మీ తాతగారు మా బావి కొలిచిన రోజు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. అప్పటికి నాకు పన్నెండేళ్ళు.

ఆయన దగ్గర ఆకుపచ్చ నూలుతాడు ఒకటి ఉండేది. అడుక్కొక ముడి. చివర అరకిలో తూకంరాయి. బావి ఒరలోకి వంగి, తాడు వదులుతూ ముడులు వేళ్ళతో లెక్కపెట్టుకునేవారు, పెదాలు మాత్రం కదిలేవి కావు. రాయి నీళ్ళని తాకినప్పుడు ‘టప్’ అన్న చప్పుడు రాగానే తాడు చేత్తో పట్టేశారు. ఇరవై ఐదో ముడికి ఎర్రగుడ్డ కట్టి ఉంది. ఆ గుడ్డ ఒర దాటి లోపలికి పోయింది. ‘కుదరదు పెద్దాయనా’ అని తాడు చుట్టేశారు.

మా తాతకి కోపమొచ్చింది. ‘డబ్బిచ్చేది నేను, కుదరదనడానికి నువ్వెవరు?’ అన్నాడు. అప్పుడాయన నన్ను పిలిచి, మా ఇంట్లో గ్లాసు, సన్నటి గొట్టం తెప్పించి నీళ్ళు పీల్చమన్నారు. తర్వాత చెప్పింది నేను ముప్పై ఏళ్ళపాటు క్లాసులో చెప్పాను. పైన పెట్టిన పంపు నీళ్ళని లాగదు. గొట్టంలో గాలి తీసేస్తుంది అంతే. బయటి గాలి బరువు నీళ్ళని పైకి తోస్తుంది. ఆ బరువు మోయగలిగేది లెక్కప్రకారం 34 అడుగులు. గొట్టంలో రాపిడి, గొట్టం అడుగున ఉండే ఫుట్‌వాల్వు లీకులు (మావైపు దాన్ని ఫుట్‌బాల్ అంటారు, ఇప్పటికీ) అన్నీ పోను నికరంగా 25. ఎర్రగుడ్డ అందుకే. ఎన్ని హార్స్‌పవర్ ఇంజన్ పెట్టినా గాలి బరువు పెరగదు కదా.

మా బావి ఎంట్రీ ఉందేమో చూడగలవా? 76 గానీ 77 గానీ. పామూరు దగ్గర, ఊరి పేరు నీకు విడిగా మెసేజ్ పెట్టాను.

మన్నేరు_కుర్రోడు
సోమవారం, ఉదయం 8:50

మాస్టారూ, దొరికింది! 1976, కుడి పేజీ: ‘29 అడుగులు. లోపల మెట్టు కొట్టించి రమ్మన్నా. ముసలాయనకి కోపం. మనవడు చురుకు.’

మనవడు చురుకు 🙂

పామూరు_మాస్టారు
సోమవారం, ఉదయం 9:02

ఏం రాయాలో తెలియట్లేదు నాయనా. ఆ పేజీ ఫోటో పంపితే ప్రింటు తీయించుకుంటా.

మెట్టు కొట్టించాం, మరుసటేడు. బావి లోపల పదడుగుల కింద రాయి తొలిచి అరుగులా చేసి ఇంజన్ దింపాం. అప్పుడే ఆయన ఒక షరతు పెట్టారు, పొగగొట్టం ఒర పైదాకా తీసుకురావాలి, ఇంజన్ ఆడుతుండగా ఎవరూ లోపలికి దిగకూడదు అని. కనిపించే పొగ కంటే కనిపించని గాలి ప్రమాదం అనేవారు. ఆ మాట వినక బావుల్లో స్పృహ తప్పి పోయినవాళ్ళు ఆ రోజుల్లో ఉన్నారు.

ఇంకోటి. హ్యాండిల్ తిప్పేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే పెట్టాలి, చుట్టూ బిగించకూడదు. ఇంజన్ ఎదురు తన్నితే మణికట్టు విరుగుతుంది. మా ఇంట్లో ఆడవాళ్ళకి కూడా నేర్పి వెళ్ళారు.

పాతజవాను_గిద్దలూరు
సోమవారం, మధ్యాహ్నం 1:10

జైహింద్. గిద్దలూరు వైపు వాణ్ణి, నేనూ సాపర్నే. ఎనభైల్లో చేరాను, కాబట్టి మీ తాతగారితో కలిసి పనిచేసే అదృష్టం లేదు. కానీ బెంగళూరు సెంటర్లో మమ్మల్ని తయారుచేసింది ఆ తరం ఉస్తాదులే. మమ్మల్నందర్నీ తంబీ అనే పిలుస్తారు, తెలుగువాడైనా మలయాళీ అయినా.

తువ్వాల్లో ఉన్న మెడల్స్ మీద ఏం రాసుందో చూడు. సంగ్రామ్ మెడల్ 71లో పనిచేసిన బలగాలకి ఇచ్చారు. దాంతోపాటు పశ్చిమీ స్టార్ కూడా ఉంటే పడమటి సరిహద్దులో ఉన్నట్టు. చైనా యుద్ధంలో ఉన్నారా?

మన్నేరు_కుర్రోడు
సోమవారం, మధ్యాహ్నం 1:45

పశ్చిమీ స్టార్ ఉంది సార్. 62లో మాత్రం బెంగళూరులోనే కొత్త రిక్రూట్లకి ట్రైనింగ్ ఇస్తున్నారట. ఊళ్ళో అందరూ చైనావాళ్ళతో కొట్లాడాడని చెప్పుకుంటారు. ఆయన కాదనేవారు కాదు, అవుననేవారు కాదు. 71లో పాకిస్తాన్‌లోని శకర్‌గఢ్ వైపు అని ఒక్కసారి చెప్పారు.

పాతజవాను_గిద్దలూరు
సోమవారం, మధ్యాహ్నం 2:30

శకర్‌గఢ్ అంటే చిన్న సంగతి కాదు తమ్ముడూ. బసంతర్ నది పోరు అక్కడే. డిసెంబరు 15 రాత్రి మన పదాతిదళం నది దాటి అవతల గట్టు పట్టుకుంది. వెనక నుంచి ట్యాంకులు పోవాలంటే మధ్యలో మైన్‌ఫీల్డు, అంటే మందుపాతరలు పాతిన నేల. దారి తీయాల్సింది సాపర్లు. పని పూర్తి కాకముందే అవతల శత్రువు ట్యాంకులు కదులుతున్నాయని కబురొచ్చింది, మన పూనా హార్స్ రెజిమెంటు ట్యాంకులు సగం తీసిన దారిలోనే ముందుకి పోయాయి. 16న సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ చనిపోయింది ఆ పోరులోనే, పరమవీర చక్ర వచ్చింది. మీ తాత సరిగ్గా ఆ చోటే ఉన్నారని నేను అనను, సెక్టార్ పెద్దది. ఆ సెక్టార్లో సాపర్ చేసే పని మాత్రం అదే.

చేత్తో మైన్లు వెతకడం ఎలాగో చెప్తా. బోర్లా పడుకోవాలి. చువ్వని నిటారుగా గుచ్చకూడదు, ముప్పై డిగ్రీల ఏటవాలుగా నెమ్మదిగా పోనివ్వాలి. నిటారుగా గుచ్చితే మైన్ నెత్తి మీద నొక్కినట్టే. ఏటవాలుగా పోతే దాని పక్కకి తగులుతుంది. తగిలిందా, ఆగాలి. వేళ్ళతో మట్టి తీయాలి. అంగుళం అంగుళం.

అవ్వ ఫ్యామిలీ పెన్షన్ సంగతి చూశారా? డెత్ సర్టిఫికెట్, పీపీఓ (పెన్షన్ ఆర్డరు కాగితం), అవ్వ ఆధార్, బ్యాంకు పుస్తకం తీసుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి. అంతకంటే ముందు డిశ్చార్జి బుక్కులో అవ్వ పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో కలుస్తున్నాయో లేదో చూడండి. మన తెలుగు పేర్లు అక్కడి క్లర్కు హిందీలో విని ఇంగ్లీషులో రాసుంటాడు. తేడా ఉంటే రికార్డ్స్ ఆఫీసు నుంచి పార్ట్ టూ ఆర్డర్ (సర్వీసు రికార్డులో ఆ మార్పు ఎక్కించే ఆర్డరు) కావాలి, దానికి టైం పడుతుంది. ఇప్పుడే మొదలెట్టండి.

మన్నేరు_కుర్రోడు
సోమవారం, సాయంత్రం 6:20

సార్, మీరు ఏటవాలు అన్నది చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

మా పెరట్లో తుంగ ఎక్కువ. పైన పీకితే పోదు, కింద గడ్డ ఉంటుంది కదా. తాత పీట వేసుకుని కూర్చుని పాత సైకిలు చువ్వతో ఆ గడ్డలు తీసేవారు. చువ్వని ఏటవాలుగా పట్టుకుని, దాదాపు నేలకి ఆనించినట్టు, ఇంత ఇంతే లోపలికి పోనిచ్చేవారు. గడ్డ తగలగానే చెయ్యి ఆగేది. తర్వాత రెండు వేళ్ళతో మట్టి పక్కకి తీసేవారు. నేను పారతో ఒక్క పోటు పొడిస్తే అయిపోయేదానికి ఈయనెందుకింత సేపు చేస్తారని విసుక్కునేవాణ్ణి. ఒకసారి నిటారుగా గుచ్చబోతే నా చెయ్యి పట్టుకున్నారు. గట్టిగా. ఏమీ అనలేదు. చువ్వ లాక్కుని మళ్ళీ ఆయనే మొదలెట్టారు.

అవ్వ పేరు మీరన్నట్టే తప్పుగా ఉంది. రెండు అక్షరాలు. అసలు ఏ ఆఫీసుకి వెళ్ళాలో కూడా తెలియట్లేదు, పాత కార్డు ఒంగోలుది, 2022లో మమ్మల్ని నెల్లూరులో కలిపారు.

పాతజవాను_గిద్దలూరు
సోమవారం, సాయంత్రం 6:41

కార్డు పట్టుకుని ముందు నెల్లూరు వెళ్ళు. అక్కడి వాళ్ళే చెప్తారు.

మోడరేటర్
సోమవారం, సాయంత్రం 7:00

పైన ఒక ఫోటో తీసేశాను, అందులో పీపీఓ నంబరు కనిపిస్తోంది. దయచేసి అలాంటివి ఇక్కడ పెట్టకండి. ఆర్డర్ పుస్తకం పేజీలు పెట్టినా రైతుల పేర్లు కప్పేసి పెట్టండి.

పొదిలి_కంది
సోమవారం, రాత్రి 9:15

అందరూ పొగుడుతున్నారు కాబట్టి నేనూ ఒక మాట రాస్తా. పోయిన మనిషి గురించి ఇలా రాయకూడదేమో. కానీ మా ఇంట్లో జరిగింది ఇది.

1979. మా నాయన ఐదు హార్స్‌పవర్ ఇంజన్ కొన్నది ఈయన దగ్గరే. వచ్చారు, తాడు వదిలారు, 18 అడుగులు, బ్రహ్మాండం అన్నారు. లోను తీసుకుని కొన్నాం. మిరప వేశాం. రెండో ఎండాకాలానికి బావిలో తాబేలు కూడా మిగల్లేదు. మిరప నిలువునా ఎండింది. ఆ లోను కట్టడానికి అమ్మ గాజులు పోయాయి, మా అన్న చదువు ఆగింది. తాడు, ముడులు, ఎర్రగుడ్డ అన్నీ బాగానే ఉన్నాయి. మరి మాకెందుకు అమ్మారు?

ట్రంకురోడ్డు_నెల్లూరు
సోమవారం, రాత్రి 9:24

బావి ఎండితే సేల్స్‌మన్ ఏం చేస్తాడు అన్నా? వానలు పడకపోతే ఆయనదా తప్పు?

పొదిలి_కంది
సోమవారం, రాత్రి 9:30

నీళ్ళున్నాయని చెప్పింది ఆయన. వానలు చెప్పలేదు.

కొండపి_పొగాకు
సోమవారం, రాత్రి 9:33

పదిహేను రోజులు కూడా కాలేదు మనిషి పోయి. కొంచెం మర్యాద ఉండాలి.

మన్నేరు_కుర్రోడు
సోమవారం, రాత్రి 9:50

ఆయన్ని ఏమీ అనకండి. నేనే అడిగా, కొన్నవాళ్ళు చెప్పండని. @పొదిలి_కంది అన్నా, ఊరి పేరు మెసేజ్ చేయండి. రేపు చూస్తా.

మన్నేరు_మనవరాలు
మంగళవారం, ఉదయం 7:10

పై థ్రెడ్ పెట్టినవాడు మా మేనమామ కొడుకు. ఒరేయ్, అంతా బాగానే రాశావు, తాత కథలో అవ్వ ఏది?

ఆయన పదిహేడేళ్ళు మిలటరీలో ఉంటే మూడెకరాల మెట్ట, ఎకరం మాగాణి చూసుకుందెవరు? చిన్నతాత మధ్యలో కావలి వెళ్ళిపోయాక కపిల కూడా కొన్నాళ్ళు అవ్వే తోలింది. ఆడమనిషి మోకు మీద కూర్చోవడమేంటని ఊరంతా వింతగా చూశారట. 71లో మూడు వారాలు ఉత్తరం రాలేదు. పక్కింటి రేడియోలో డిసెంబరు 17న యుద్ధం ఆగిందని చెప్పినా ఆమె నమ్మలేదు, ఇన్‌లాండ్ లెటర్ వచ్చి దాని మీద ఆయన చేతిరాత చూసేదాకా తలకి నూనె పెట్టుకోలేదు. ఇవన్నీ నాకు అవ్వ చెప్పింది, తాత కాదు.

ఆ ‘అమ్మలేదు’ పేజీలన్నీ అవ్వకి కమీషన్ రాని నెలలు. ‘ఊరోళ్ళకి ధర్మాత్ముడు, బియ్యం డబ్బా అడుగు గీకేది నేను’ అనేది. రాస్తే అదీ రాయి.

ఉలవపాడు_సపోటా
మంగళవారం, ఉదయం 7:42

అక్కా, బాగా చెప్పావు. అవ్వకి నా నమస్కారాలు.

మన్నేరు_కుర్రోడు
మంగళవారం, రాత్రి 8:30

వదినా, ఒప్పుకుంటున్నా. అవ్వ గురించి విడిగా థ్రెడ్ పెట్టాలి, నువ్వే పెట్టు.

@పొదిలి_కంది అన్నా, మీ ఎంట్రీ దొరికింది. మూడో పుస్తకం. ఎడమ పేజీ: ‘18 అడుగులు. కార్తీకం.’ దాని కిందే వేరే ఇంకుతో, ‘మే 81: 37. తప్పు కొలత.’

అంతే ఉంది. కానీ ఆ తర్వాతి పేజీలు తిప్పుతుంటే ఒకటి కనపడింది. అప్పటిదాకా కొలతలు ఏ నెలలో పడితే ఆ నెలలో ఉన్నాయి. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, ఆ నెలల్లో బావులు నిండి ఉంటాయి, ఆర్డర్లూ అప్పుడే ఎక్కువ. 81 మే తర్వాత పుస్తకంలో కార్తీకం కొలత ఒక్కటీ లేదు. మార్గశిరం లేదు. అన్నీ ఏప్రిల్, మే, జూన్ మొదటివారం. చలికాలంలో వచ్చి అడిగినవాళ్ళందరికీ కుడి పేజీలో ఒకటే మాట, ‘ఎండాకాలం రమ్మన్నా.’ 82లో ఆయన అమ్మినవి అంతకు ముందేడు అమ్మినదాంట్లో సగం కూడా లేవు.

ఆయన తరఫున వాదించడానికి కాదు అన్నా ఇది రాస్తున్నది. పుస్తకంలో ఉన్నది చెప్పాను.

పొదిలి_కంది
మంగళవారం, రాత్రి 10:55

చదివాను.

నిన్న కోపంలో ఒకటి రాయలేదు. బావి ఎండాక ఆయన వచ్చారు. ఎవరూ పిలవలేదు. తాడు వదిలి, తీసి, చాలాసేపు ఒర మీద కూర్చున్నారు. నాయన మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. తర్వాత ఆ ఇంజన్‌ని ఉలవపాడు వైపు ఇసకనేలల్లో ఎవరికో అమ్మిపెట్టింది ఆయనే. సగం ధర వచ్చింది. అక్కడ పైనే నీళ్ళు. నాయన ఆయన్ని ఎప్పుడూ తిట్టలేదు, మళ్ళీ పలకరించనూ లేదు. పొదిలి బస్టాండులో ఎదురైతే ఇద్దరూ తల తిప్పుకునేవాళ్ళు.

ఆ పేజీ నాకూ ఒక ఫోటో పంపు తమ్ముడూ. మా అన్నకి చూపిస్తా.

బోరు_మెకానిక్
బుధవారం, ఉదయం 11:20

నేను దర్శి వైపు సబ్‌మెర్సిబుల్ మోటార్లు బిగిస్తా. మాకు 25 అడుగుల గొడవ లేదు, మోటారే నీళ్ళలోకి దిగుతుంది, కింద నుంచి తోస్తుంది. అందుకే 300 అడుగులు, 500 అడుగులు దింపుతూ పోయాం. 2004లో ఉచిత కరెంటు వచ్చాక ఇక ఆగలేదు. ఆ పాత బావులన్నీ ఇప్పుడు చెత్త వేసే గుంతలు. రైతు వేయమంటే వేస్తాం, వద్దని చెబితే పక్క మెకానిక్ వేస్తాడు. ఆయన వద్దన్నప్పుడు పక్కన ఇంకో సేల్స్‌మన్ లేడా?

మన్నేరు_కుర్రోడు
బుధవారం, మధ్యాహ్నం 12:05

ఉన్నారన్నా. పుస్తకంలో మూడు నాలుగు చోట్ల ఉంది, ‘వేరేవాళ్ళు అమ్మారు.’ ఒకచోట దాని పక్కన ‘బాగానే నడుస్తోంది’ అని కూడా రాసుకున్నారు. ఆయన లెక్క అన్నిసార్లూ నిజం కాలేదు.

పామూరు_మాస్టారు
బుధవారం, సాయంత్రం 5:30

ఆ తాడు ఉందా బాబూ?

మన్నేరు_కుర్రోడు
బుధవారం, రాత్రి 8:15

ఉంది మాస్టారూ. పెట్టెలో లేదు, గొడ్లచావిట్లో దూలానికి వేలాడుతోంది. అవ్వ చెప్పింది. రంగు వెలిసి బూడిదలా అయింది. యాభై ముడులు. ఎర్రగుడ్డ పోయి దాని చోట ప్లాస్టిక్ వైరు కట్టి ఉంది. ముడికీ ముడికీ మధ్య స్కేలు పెట్టి చూశాను, పన్నెండు అంగుళాలకి కాస్త తక్కువ. తడిసి ఆరి కురచయినట్టుంది.

సాయంత్రం మా కపిల బావిలో వదిలి చూశా. అవ్వ కూడా వచ్చి పక్కన నిలబడింది. పద్నాలుగో ముడి దగ్గర టప్‌మంది. ‘పద్నాలుగే అవ్వా, బ్రహ్మాండం’ అన్నాను.

‘ఇది కార్తీకం’ అంది. తాడు నా చేతిలోంచి తీసుకుని చుట్టేసింది.

మే నెలలో మళ్ళీ కొలిచి ఇక్కడే పెడతా.